విశ్రాంతి కూడా డ్యూటీలో భాగమే

2025 డిసెంబరు మొదటి వారంలో దేశంలోకెల్ల పెద్దదైన విమానయాన సంస్థ ఇండిగో సర్వీసులు కుప్పకూలినవి. శంషాబాదు మొదలుకొని ఢిల్లీ వరకు విమానాశ్రయాలలో ప్రయాణీకులు దిక్కుతోచక నిలిచిపోయారు. డిసెంబరు 3 నుండి 5 వరకు, కేవలం మూడు రోజులలో, 2,507 విమానాలు రద్దయినవనీ, మరి 1,852 ఆలస్యమైనవనీ, మూడు లక్షలకు పైగా ప్రయాణీకులు ఇక్కట్ల పాలయ్యారనీ విచారణలో తేలినది. ఇది సమ్మె కాదు. ఏ పైలట్ల సంఘమూ పిలుపునివ్వలేదు. దీనికి మూలకారణం యాజమాన్యం వేసుకున్న లెక్క.

ఆ లెక్క ఏమిటో రైల్వే, తపాలా ఉద్యోగులు తెలిసికొనవలసి వున్నది. పైలట్ల డ్యూటీ, విశ్రాంతి నిబంధనలను విమానయాన డైరెక్టరేటు 2024 జనవరిలో సవరించినది. వారపు విశ్రాంతి 36 గంటల నుండి 48 గంటలకు పెరిగినది. రాత్రివేళ విమానం దింపే సంఖ్య ఆరు నుండి రెండుకు తగ్గినది. ఈ నిబంధనలు 2024 జూన్‌లోనే అమలు కావలసి వుండగా, విమాన సంస్థల అభ్యంతరాలతో వాయిదా పడినవి. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టు తలుపు తట్టిన మీదటనే 2025 జులై 1న కొంత, నవంబరు 1న మిగిలినంత అమలులోకి వచ్చినది. ఇరవై నెలలకు మించిన వ్యవధి వుండి కూడ సంస్థ తగినంత మంది సిబ్బందిని సిద్ధం చేసికొనలేదు. ఉన్నవారితోనే, ఒక్క గంట కూడ మిగలకుండా, షెడ్యూలు బిగించినది. బిగించిన త్రాడు తెగినది.

ఆ తరువాత జరిగినది మరింత గమనార్హం. డిసెంబరు 5న ప్రభుత్వం నిబంధనలనే సడలించినది. సెలవును వారపు విశ్రాంతి క్రింద జమకట్టరాదన్న నియమాన్ని ఉపసంహరించినది. రాత్రి డ్యూటీ నియమాల నుండి ఆ సంస్థకు 2026 ఫిబ్రవరి 10 వరకు మినహాయింపు ఇచ్చినది. తప్పు ప్రణాళికది, దానికి వెల చెల్లించినది పైలట్ల నిద్ర. పిమ్మట సంస్థకు 22 కోట్ల 20 లక్షల రూపాయల జరిమానా విధించిన మాట నిజమే. కాని ఉద్యోగులు ఒక్కరోజు పని ఆపితే అత్యవసర సర్వీసుల పేరిట విరుచుకుపడే పాలకులు, మూడు లక్షల మందిని నడిరోడ్డున నిలిపిన యాజమాన్యం పట్ల చూపిన ఔదార్యాన్ని మేము మరువజాలము.

మేము ఈ మాటలు వ్రాస్తున్నది రాయపూరు చెంతనున్న ఉర్లా నుండి. ఈ పారిశ్రామికవాడలో విమానాలు దిగవు. ఇచ్చటి ఇనుము, ఉక్కు కర్మాగారాల బ్రతుకు గూడ్సు బండ్ల మీద ఆధారపడినది. 1931లో రాయపూరు–విజయనగరం మార్గం పూర్తయినది మొదలు ఉత్తరాంధ్రకూ ఈ నేలకూ నేరుగా రైలు బంధం ఏర్పడినది. ఈ బండ్లు నడిపే సోదరులను రైల్వే శాఖ ఇప్పుడు 'లోకో పైలట్లు' అని పిలుస్తున్నది. పేరు పైలట్లదే ఇచ్చినది. విశ్రాంతి మాత్రం పైలట్లది ఇవ్వలేదు.

విమానానికి టైంటేబులైనా వున్నది. గూడ్సు బండికి అదీ లేదు. కాల్ ఎప్పుడు వచ్చునో తెలియదు. సైన్ ఆఫ్ ఎచ్చట అగునో తెలియదు. సైన్ ఆన్ నుండి సైన్ ఆఫ్ వరకు డ్యూటీ పది గంటలకు మించరాదన్న కోర్కెపై లోకో సిబ్బంది 1973లో పోరాడగా, ఆ యేడు ఆగస్టులో ప్రభుత్వం పార్లమెంటులో హామీ ఇచ్చినది. అర్ధశతాబ్ది గడిచినను ఆ కోర్కె సజీవంగానే వున్నది. 2005 నిబంధనల ప్రకారం రన్నింగు సిబ్బందికి నెలకు 30 గంటల చొప్పున నాలుగు, లేదా 22 గంటల చొప్పున ఐదు విశ్రాంతులు. హెడ్‌క్వార్టర్సులో దొరికే 16 గంటల విశ్రాంతి ఈ 30లో కలిసినదా, విడిగా వున్నదా అన్న వివాదంపై 2024 జూన్‌లో దక్షిణ రైల్వే లోకో పైలట్లు 46 గంటల విశ్రాంతికై ఆందోళన జరిపారు. పైలట్‌కు 48 గంటలు శాస్త్రీయమైనప్పుడు, వేల టన్నుల బండిని రాత్రంతా సిగ్నళ్లు చూస్తూ నడిపేవానికి 46 గంటలు ఎట్లు గొంతెమ్మ కోర్కె అగును?

అలసట అనగా సోమరితనం కాదు. తెల్లవారుజామున రెండు నుండి ఆరు గంటల మధ్య మనిషి మెలకువ అడుగంటుతుంది. పదిహేడు గంటలు ఎడతెగక మేల్కొన్నవాని చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం వున్నవానితో సమానమని 1997లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు నిరూపించారు. సైన్ ఆన్ చేసేటప్పుడు మద్యం పట్టుకొనే యంత్రం మన లాబీలలో వున్నది. నిద్రలేమిని పట్టుకొనే యంత్రం ఏదీ? 2010 మే 22న మంగళూరులో విమానం కూలి 158 మంది మరణించగా, కెప్టెన్ కాక్‌పిట్ ధ్వని రికార్డింగులోని మొదటి గంటా నలభై నిమిషాలు నిద్రించినట్లు విచారణ సంఘం తేల్చినది. ఇట్టి ప్రమాదం జరిగిన ప్రతిసారి బోనులో నిలిచేది నడిపినవాడే. అతని రోస్టరు ఎన్నడూ బోనెక్కదు.

తపాలా సోదరులకు ఈ కథ క్రొత్త కాదు. 1949లో రాత్రి విమాన తపాలా మొదలైనప్పుడు నాలుగు మహానగరాల విమానాలు అర్ధరాత్రి నాగపూరులో కలిసి సంచులు మార్చుకొనేవి. పైలటూ, ఆర్.యం.యస్. సార్టరూ, రైలు డ్రైవరూ ఒకే రాత్రిని మోసినవారే.

"రవాణా అనిశ్చితమైనది, ముందుగా చెప్పడం సాధ్యం కాదు" అని అధికారులు అంటారు. పొగమంచునూ, వ్యాగన్ల లోడింగునూ ఎవరూ శాసించలేరు. ఆ మాట మేమూ ఒప్పుకొందుము. కాని అనిశ్చితి వున్నచోటనే రిజర్వు సిబ్బంది అవసరం. ఖాళీలు నింపక, రిజర్వు తగ్గించి, దానికి సామర్థ్యమని పేరు పెట్టడం డిసెంబరులో దేశమంతా చూచిన మోసం. విశ్రాంతికై కేటాయించిన గంట వృథా కాదు. అది సర్వీసు కూలకుండా నిలిపే ఆనకట్ట.

కావున ఖాళీల భర్తీ, కాల్‌కు తగిన ముందస్తు నోటీసు, వరుస రాత్రి డ్యూటీలపై పరిమితి, విశ్రాంతిని సెలవుతో ముడిపెట్టని స్పష్టమైన నియమం కావాలని మేము కోరుతున్నాము. సభ్యులకూ ఒక మాట. కిలోమీటరు భత్యానికీ ఓవర్‌టైముకూ ఆశపడి విశ్రాంతిని అమ్ముకొనవద్దు. మనము అమ్మిన ప్రతి గంటను యాజమాన్యం రేపటి రోస్టరులో హక్కుగా వ్రాసుకొంటుంది. అసలైన సైన్ ఆన్, సైన్ ఆఫ్ వేళలను ప్రతి సభ్యుడూ తన పుస్తకంలో వ్రాసి బ్రాంచికి అందజేయవలెను. బల్ల ముందు కూర్చున్ననాడు మన వాదనకు ఆ అంకెలే బలం.