అంకె పెరిగితే గుండె భేషేనా?

చాలా స్మార్ట్ వాచీలు ఇప్పుడు హెచ్‌ఆర్‌వీ, అంటే హార్ట్ రేట్ వేరియబిలిటీ చూపిస్తున్నాయి. గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్లీ కొట్టుకోవడానికి పట్టే వ్యవధి మిల్లీసెకన్లలో మారుతుంటుంది. ఊపిరి పీలిస్తే కాస్త వేగం, వదిలితే నెమ్మది. దీన్ని నడిపేది మన ప్రమేయం లేకుండా పనిచేసే నాడీవ్యవస్థ, ముఖ్యంగా వేగస్ నాడి. అందుకే తేడా ఎక్కువుంటే యాప్‌లు మంచి మార్కులేస్తాయి.

చిక్కంతా ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌తోనే. ఇందులో గుండె పైగదులు వణుకుతాయి. నిమిషానికి 350కి పైగా సంకేతాలు పుడితే, ఏవీ నోడ్ కొన్నిటినే కిందికి వదులుతుంది. ఎప్పుడు వదులుతుందో ఓ లెక్కాపత్రం ఉండదు. ఆ వ్యవధుల్ని ఫార్ములాలో వేస్తే హెచ్‌ఆర్‌వీ అమాంతం పెరుగుతుంది! అది నాడుల ఆరోగ్యం కాదు, పక్షవాతం ముప్పు పెంచే జబ్బు లక్షణం.

అమెరికాలో 4,19,297 మందితో చేసిన యాపిల్ హార్ట్ స్టడీ ఫలితాలు 2019లో వచ్చాయి. లయ తప్పిందని వాచీ హెచ్చరించింది 0.52 శాతం మందినే. తర్వాత ఈసీజీ ప్యాచ్ పెట్టుకుని తిరిగి పంపినవారిలో 34 శాతం మందికి ఈ జబ్బు కనిపించింది. వచ్చిపోయే జబ్బు కాబట్టి మిగతావన్నీ తప్పుడు హెచ్చరికలని కొట్టిపారేయలేం.

మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య సాఫ్ట్‌వేర్ కూడా ఔషధ చట్టం కిందికొచ్చింది. కోడ్ రాస్తే సరిపోదు, అది సరైనదని రుజువు చూపేవాళ్లూ కావాలి. ఈసీఈ, బయోమెడికల్, డేటా సైన్స్ వాళ్లకు ఇక్కడే చోటుంది. ప్రాజెక్టు కోసం వెతుకుతున్నారా? ఫిజియోనెట్‌లో ఎంఐటీ-బీఐహెచ్ ఏట్రియల్ ఫిబ్రిలేషన్ రికార్డులు ఉచితం, ఒక్కోటి సుమారు 10 గంటలది. మామూలు లయ ఉన్న భాగానికీ, తప్పిన భాగానికీ హెచ్‌ఆర్‌వీ విడివిడిగా లెక్కగట్టి చూడండి.