రాజు భోజనమూ పది దినాలూ



ఫోను సాతాను పనిముట్టు అని ప్రసంగించడం సులువు. వినేవాళ్ళు ఆమేన్ అంటారు, ఇంటికి వెళ్ళి అదే ఫోను తీస్తారు. మేము ఆ మాట అనదలచుకోలేదు. హాల్ టికెట్టు వచ్చేది అందులోనే, పరీక్ష ఫలితాలు అందులోనే, కువైట్‌లో పని చేస్తున్న తల్లి ముఖం పిల్లలకు కనిపించేదీ అందులోనే. 2020లో బడులు మూతపడినప్పుడు అప్పు చేసి పిల్లలకు ఫోను కొనిచ్చిన ఇళ్ళు మన పేటలో ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఆ అమ్మలు పాపం చేయలేదు.

రాత్రి సంగతి వేరు. ఇంటర్ చదివే తమ్ముడొకడు మాతో అన్నాడు: "అయ్యగారూ, ఐదు నిమిషాలని తీస్తానండి. చూసేసరికి పన్నెండున్నర అవుద్ది. అప్పుడు ప్రార్థన చేసుకోవాలంటే సిగ్గేస్తుంది. అందుకని మళ్ళీ అదే చూస్తాను." ఆ చివరి మాట మమ్మల్ని చాలా రోజులు వెంటాడింది. చూసినది ఒక నష్టం. చూశాక దేవుని ఎదుటికి రాలేక దాక్కోవడం అంతకంటె పెద్ద నష్టం. ఏదెను తోటలో చెట్ల మధ్య జరిగింది అదే కదా. మనం తిట్టే తిట్లు ఆ బిడ్డను ఇంకా లోపలి చెట్ల చాటుకు తోస్తాయి.

అతడు బలహీనుడు కాబట్టి ఓడిపోతున్నాడని కూడా అనుకోవద్దు. పత్రిక చదివితే చివరి పేజీ వచ్చేది, అక్కడ మడిచి పక్కన పెట్టేవాళ్ళం. ఈ తెరకు చివరి పేజీ లేదు. వేలితో తోసినకొద్దీ వస్తూనే ఉండే ఆ పద్ధతిని 2006లో రూపొందించిన ఏజా రాస్కిన్ అనే ఆయన, తాను చేసిన పనికి తరువాత బహిరంగంగానే విచారం వెలిబుచ్చాడు. నెట్‌ఫ్లిక్స్ అధిపతిగా ఉన్న రీడ్ హేస్టింగ్స్ 2017లో, తమ పోటీ జనం నిద్రతోనే అని చెప్పాడు. పది వీడియోలు చప్పగా ఉన్నా పదకొండోది బాగుంటుందేమో అన్న ఆశే గాలం. అంత పెద్ద కంపెనీలు నిద్రకు గురిపెట్టి కూర్చుంటే, దుప్పటి కింద పదిహేడేళ్ళ కుర్రవాణ్ణి ఒంటరిగా పోరాడమంటున్నాం.

నిషేధిస్తే సరిపోతుందనేవాళ్ళు ఒక సంగతి జ్ఞాపకం చేసుకోవాలి. 2020 జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. మన పిల్లల రాత్రులు మనకు తిరిగి వచ్చాయా? జూలైలోనే రీల్స్ వచ్చాయి, సెప్టెంబరులో షార్ట్స్ వచ్చాయి. మత్తయి 12వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ఇల్లు అలాంటిదే. ఊడ్చి, అమర్చి, ఖాళీగా ఉంచిన ఇంటికి వెళ్ళిపోయినది మరి ఏడింటిని వెంటబెట్టుకొని వచ్చింది. మందిరం గుమ్మం దగ్గర బుట్ట పెట్టి ఫోన్లు అందులో వేయించే సంఘాలున్నాయి. వేయించండి, తప్పులేదు. అది రెండు గంటల నిశ్శబ్దం. రాత్రి పదకొండు గంటలకు ఆ బుట్ట వాళ్ళ మంచం దగ్గరకు రాదు.

దానియేలు మొదటి అధ్యాయం మరొకసారి నెమ్మదిగా చదవండి. అతడు బబులోను విద్యను కాదనలేదు. ఆ భాష నేర్చుకున్నాడు, ఆ కొలువులో ఉద్యోగమూ చేశాడు. రాజు బల్ల మీది భోజనం దగ్గర మాత్రం గీత గీశాడు. అంటే మన పిల్లలు ఏ యాప్‌లో చదువుకోవాలో, దేని దగ్గర లేచి వెళ్ళిపోవాలో విడదీసి చూడవచ్చు. అతడు గుట్టుగా పస్తు ఉండలేదు. తమ మీద ఉన్న అధికారికి చెప్పి, అనుమతి అడిగి, ఆ భోజనానికి బదులు శాకాహారమూ నీళ్ళూ ఇమ్మన్నాడు. జీవితమంతా అని ప్రతిజ్ఞ చేయలేదు, పది దినాలు పరీక్షించమన్నాడు. అన్నిటికంటె ముఖ్యం, అతని పక్కన హనన్యా, మిషాయేలు, అజర్యా ఉన్నారు. పరదేశంలో నలుగురు కుర్రవాళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. మన యౌవనస్థులకు లేనిది పట్టుదల అని మేము అనుకోవడం లేదు. ఆ మిగతా ముగ్గురు లేరు, అంతే.

అందుకే పెద్దలతో మాట్లాడి ఒక నిర్ణయం చేశాం. వచ్చే సోమవారం నుండి పది రాత్రులు, తొమ్మిదింటి నుండి ఉదయం ఆరు వరకు ఇంట్లో ఫోన్లన్నీ వంటింటి అలమరలో ఉంటాయి. ఫోన్లన్నీ అంటే నాన్నగారిదీ, అమ్మగారిదీ కూడా. పిల్లవాడిది లాక్కొని మనం సీరియల్ ముక్కలు చూస్తూ పడుకుంటే వాడు నేర్చుకునేది దాచుకోవడమే. మగపిల్లలు మగపిల్లలతో, ఆడపిల్లలు ఆడపిల్లలతో ఇద్దరిద్దరుగా జతపడండి. తెల్లవారాక ఒకరినొకరు "రాత్రి ఎలా గడిచింది" అని అడగండి. ఉదయం సామెతలు రోజుకొక అధ్యాయం. సాయంత్రం మందిరం వెనుక వాలీబాల్ ఉంటుంది. ఆడపిల్లలు ఎక్కడ ఆడతారని ఎవరైనా అడుగుతారేమో, వాళ్ళకు ముందు గంట కేటాయించాం.

మరొక మాట. ఫోటోలు పెట్టుకొని ఎవడైనా బెదిరిస్తుంటే ఈ పది దినాలూ ఆగనక్కర్లేదు. ఈ రోజే మాకో, పాస్టరమ్మగారికో చెప్పండి. పద్దెనిమిది నిండని పిల్లలు 1098కి నేరుగా ఫోను చేయవచ్చు. నింద మీ మీద వేయం.

మా ఫోను కూడా అలమరలోనే ఉంటుంది. రాత్రి ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే తలుపు తట్టండి, లేదా సంఘపెద్దగారి కీప్యాడ్ ఫోనుకు చేయండి. పదకొండవ రోజు గురువారం, గృహకూడిక మన ఇంట్లోనే. ఎవరు ఎన్ని రాత్రులు తప్పారో లెక్క అడగం. నిద్ర ఎలా పట్టింది, లేవగానే ఏం గుర్తొచ్చింది, ఇవి అడుగుతాం. వాలీబాల్ నెట్టు ఒక పక్క చిరిగింది. ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరు ఉండిపోతే కుట్టేద్దాం.