మిగిలిన రీఏజెంటును సింకులో పోయకండి!

ల్యాబ్ టెక్నీషియన్లకు, డయాగ్నొస్టిక్ సెంటర్ల యజమానులకు, ఆస్పత్రి సూపరింటెండెంట్లకు, ముఖ్యంగా ప్లంబింగ్ పనివారికి విజ్ఞప్తి

బ్లడ్ గ్రూపింగ్ చేసే ఏ ల్యాబులో ఫ్రిజ్ తెరిచినా యాంటీ-ఎ నీలం సీసా, యాంటీ-బి పసుపు సీసా కనిపిస్తాయి. పక్కనే సీఆర్‌పీ, ఆర్‌ఏ లేటెక్స్ కిట్లు, కంట్రోల్ సీరమ్‌లు. ఆ పెట్టెల్లో మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంటుంది. విప్పి చదివేవాళ్లు తక్కువ. చీమ తలకాయంత అక్షరాలతో, ఇంగ్లీషులో, చాలా కిట్లలో ఒకే మాట ఉంటుంది: ఇందులో సోడియం అజైడ్ ఉంది, సీసం, రాగి పైపులకు తగిలితే పేలుడు పదార్థం తయారుకావచ్చు. గడువు తీరిన సీసాను సింకులో వంపేసే మనిషికి ఆ హెచ్చరిక చేరడం లేదు. ఈ కరపత్రం అందుకే.

మూడు నైట్రోజన్ పరమాణువులు ఒకే వరసలో నిలిస్తే అజైడ్. రెండేసి జతకట్టి వాయువై గాలిలో కలిసిపోవడమే నైట్రోజన్‌కు సుఖం; మూడింటిని కట్టిపడేస్తే సందు దొరికినప్పుడల్లా విడిపోవాలని చూస్తాయి. సోడియంతో ఉన్నంతకాలం ఉప్పులా తెల్లగా, నిమ్మళంగా ఉంటుంది, నీళ్లలో కరుగుతుంది. సీసంతో కలిసిందా, డిటొనేటర్లలో వాడే లెడ్ అజైడ్ అవుతుంది. దెబ్బ తగిలితే చాలు, పేలుతుంది. రాగి అజైడ్ అంతకన్నా తొందరపాటుది.

రీఏజెంటులో బ్యాక్టీరియా పెరగకుండా వేసే అజైడ్ 0.1 శాతానికి అటూ ఇటూ. ఒక్క సీసాకు ఏమవుతుందంటారా? ఏమీ కాదు. కానీ 0.1 శాతం ద్రావణమైతే లీటరుకు ఒక గ్రాము. అలాంటి ద్రావణం రోజుకో లీటరు తాగే యంత్రం ఏడాదికి 365 గ్రాములు డ్రైనులోకి పంపినట్టే. అందులో ఎంత కొట్టుకుపోయిందో, ఎంత పైపు గోడను పట్టుకుందో ఎవరూ చూడరు. చివరికి చూసేది పానా పట్టుకుని ట్రాప్ విప్పే ప్లంబరు. రక్తకణాలు లెక్కించే యంత్రాలున్న ల్యాబుల్లో డ్రైను పైపులు పేలిన నేపథ్యంలో అమెరికా వృత్తి భద్రతా సంస్థ నియోష్ దీని మీద 1976లోనే ప్రత్యేక హెచ్చరిక జారీ చేసింది. అంటే ఇది కొత్త సంగతేమీ కాదు. మన సింకు దాకా రాలేదంతే.

‘మావన్నీ పీవీసీ పైపులే’ అనేవాళ్లుంటారు. మంచిదే, ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. అయితే సింకు కింద వేస్ట్ కప్లింగ్ ఇత్తడిదేమో చూడండి. ఇత్తడిలో ఎక్కువగా ఉండేది రాగే. పాత ఆస్పత్రి భవనాల్లో ఇనుప డ్రైను పైపుల జాయింట్లకు సీసం పోసేవారు. పైగా సింకు జామైతే మనవాళ్లు మొదట పోసేది యాసిడ్. అజైడ్ మీద యాసిడ్ పడితే హైడ్రజోయిక్ ఆమ్లం పుడుతుంది. అది మరిగేది 37 డిగ్రీల దగ్గర. మన మే నెలలో ఏసీ లేని గదికి వేరే పొయ్యి అక్కర్లేదు. ఆ ఆవిరి సైనైడ్ తరహాలోనే కణాలను ఆక్సిజన్ వాడుకోనివ్వదు, రక్తపోటును పడగొడుతుంది. ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు.

ఇంకో అలవాటు మరీ దగ్గరిది. ల్యాబులో ద్రవం ఏది మిగిలినా హైపో (సోడియం హైపోక్లోరైట్) పోసి వదిలేస్తాం. రక్తానికి అది సరే. అజైడ్ ఉన్న ద్రావణంలో హైపో కలపకూడదు. ఆ కలయికలో విషపూరితమైన, పేలే గుణమున్న క్లోరిన్ అజైడ్ పుట్టే వీలుంది.

అజైడ్‌ను నిషేధించమని మేం అడగడం లేదు. హెచ్‌ఐవీకి తొలి మందు జిడోవుడిన్ అణువులో అజైడ్ ఉంది. బీపీ మాత్ర లోసార్టాన్‌లోని టెట్రజోల్ వలయం కట్టడానికి అజైడే వాడతారు. 2022 రసాయన నోబెల్ అందుకున్న క్లిక్ కెమిస్ట్రీకి ప్రాణం అజైడే. జపాన్‌లో 1998లో నీగాతా నగరంలోని ఒక ఆఫీసు టీ నీళ్లలో ఎవరో సోడియం అజైడ్ కలిపి ఉద్యోగుల ప్రాణాల మీదికి తెచ్చాక, మరుసటి ఏడాదే దాన్ని విషాల జాబితాలో చేర్చి అమ్మకం, నిల్వ కట్టుదిట్టం చేశారు, వాడకం మానలేదు. మన కాలేజీల్లోనూ, మందుల కంపెనీల్లోనూ అజైడ్ పొడి డబ్బాకు తాళం, లెక్కల పుస్తకం ఉండాలి.

మేం అడిగేది సులభం. జీవవైద్య వ్యర్థాల నిబంధనలు 2016 ప్రకారం ద్రవ రసాయన వ్యర్థాన్ని వేరుగా సేకరించాలి. కాబట్టి వాడకుండా మిగిలిన, గడువు తీరిన అజైడ్ సీసాలకు ఒక ప్లాస్టిక్ డబ్బా వేరుగా పెట్టండి. మీద ‘అజైడ్: యాసిడ్ వద్దు, హైపో వద్దు, లోహం వద్దు’ అని తెలుగులో రాయండి. నిండాక వ్యర్థాలు తీసుకెళ్లే సంస్థకు ఫలానా అని చెప్పి అప్పగించండి. యంత్రం నుంచి రక్తంతో కలిసి వచ్చే నీటికి ఈ డబ్బా చాలదు. అక్కడ అజైడ్ లేని డైల్యూయెంట్ కొనడమే దారి. అలాంటివి మార్కెట్లో ఉన్నాయి. అజైడ్ పెరాక్సిడేజ్ ఎంజైమును పాడుచేస్తుంది గనక ఆ ఎంజైమ్‌తో నడిచే ఎలైజా కిట్లలో దాని బదులు ప్రోక్లిన్ లాంటివి వేస్తున్నారు. ప్రోక్లిన్‌తో కొందరికి చర్మంపై దద్దుర్లు వస్తాయి, గ్లవ్స్ తప్పవు. అయినా పైపు పేలడం కంటే నయం.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాస్పత్రులకు రీఏజెంట్లు కొనే వైద్య సేవల, మౌలిక సదుపాయాల సంస్థలు టెండరులో ఒక్క వాక్యం చేరిస్తే సగం పని అయిపోతుంది: ప్రత్యామ్నాయం ఉన్నచోట అజైడ్ లేనిదే కొంటాం, ఉన్నదాని పెట్టె మీద హెచ్చరిక తెలుగులో ఉండాలి.

ప్లంబర్ అన్నలారా, ల్యాబులో ట్రాప్ విప్పమన్నప్పుడు అందులో ఏం పోస్తున్నారో ముందు అడగండి. సూటిగా జవాబు చెప్పకపోతే పానా సంచిలోంచి తీయకండి.