కొండ నుంచి కొల్లేటి దాకా

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవారికి నేల అంటే వరిచేను, నీరు అంటే కాలువ, ఎత్తు అంటే చెరువుగట్టు. అందువల్ల అడవులు, రాతికొండలు, నదీలోయల గుండా సాగే నడక గురించి ప్రస్తావన వచ్చినప్పుడు గణపవరం, నిడమర్రు, తాడేపల్లిగూడెం ప్రాంతాల ప్రజల ఆలోచన అరకు మీదికో మారేడుమిల్లి మీదికో పోతుంది తప్ప సొంత గడ్డ మీదికి రాదు. ఈ అభిప్రాయం సరైనది కాదు. బుట్టాయగూడెం అడవి అంచు నుంచి కొల్లేటి లంకల వరకు సరళరేఖలో కొలిస్తే వంద కిలోమీటర్లు కూడా లేవు. ఆ కొద్ది దూరంలోనే తూర్పు కనుమల అడవి, బౌద్ధులు తొలిచిన ఇసుకరాతి కొండ, మెట్టప్రాంతపు వాగులు, డెల్టా కాలువలు, మంచినీటి సరస్సు వరుసగా ఎదురవుతాయి. ఈ దారిని కొత్తగా వేయవలసిన పని లేదు. ముక్కలు ముక్కలుగా అది ఇప్పటికే ఉంది. ఆ ముక్కలు మాయమైపోకముందే వాటిని గుర్తించి, హద్దులు నిలిపి, ఒకదానితో ఒకటి కలపడమే చేయవలసిన పని.

నడకదారి అంటే మనుషులు నడవగా ఏర్పడిన ఏ బాటైనా కాదు. పటంలో నమోదై, నేల మీద గుర్తులు ఉండి, బాగోగులకు ఒకరు జవాబుదారీగా ఉండే కాలిబాటకే ఆ పేరు చెల్లుతుంది. అమెరికాలో బెంటన్ మెకాయ్ 1921లో ప్రతిపాదించిన అపలాచియన్ నడకదారి 1937 నాటికి పూర్తయింది; సుమారు 3,500 కిలోమీటర్ల పొడవున్న ఆ బాటను ఈనాటికీ ఎక్కువ భాగం స్వచ్ఛంద కార్యకర్తలే శుభ్రం చేసి, చెట్ల మీద తెల్లరంగు గుర్తులు దిద్దుతూ నిలుపుకొస్తున్నారు. ఇంగ్లండులో 1949 నాటి చట్టం, ప్రజలు అనాదిగా నడిచే కాలిబాటలను పటాలలో నమోదు చేసే బాధ్యతను స్థానిక సంస్థలకు అప్పగించింది. అలా పటానికెక్కిన బాట ఒకరి సొంత పొలం గుండా పోయినా దానిపై నడిచే హక్కు అందరికీ ఉంటుంది. మొదటి ఉదాహరణ శ్రమదానం విలువను తెలుపుతుంది, రెండవది నమోదు విలువను తెలుపుతుంది. గోదావరి ప్రాంతానికి ఈ రెండూ అవసరమే.

నమోదుకు కావలసిన ఆధారం ఇక్కడ ముందునుంచీ ఉంది. ఎడ్లబండ్లు, పశువులు, మనుషులు నడిచేందుకు చేల మధ్య ఊరుమ్మడిగా వదిలిన దారిని గోదావరి జిల్లాల్లో పుంత అంటారు. రెవెన్యూ గ్రామపటాలలో పుంతలకు చోటుంది, అవి ఎవరి సొంత ఆస్తీ కావు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన తరువాత డెల్టా అంతటా పరచుకున్న కాలువలు, మురుగు కాలువల గట్లు కూడా ఇటువంటి ఉమ్మడి దారులే. అయితే బండ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాక పుంత అవసరం తగ్గింది. పక్కనున్న చేను ఏటా ఒక చాలు చొప్పున దాన్ని కలుపుకొంటూ వచ్చినా, చేపల చెరువు గట్టు దాని మీదికి జరిగినా అడిగేవారు తగ్గారు. నడిచేవారు లేని దారి ఆక్రమణకు లోనవుతుంది, ఆక్రమణకు లోనైన దారిలో నడిచేవారు ఉండరు. ఈ వలయాన్ని తెంచగలిగేది మళ్లీ మొదలయ్యే నడక ఒక్కటే.

తెలుగు సమాజానికి నడక కొత్తది కాదు. అలిపిరి నుంచి తిరుమలకు ఎక్కే మెట్లదారి, శివరాత్రికి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా నల్లమల అడవిలో శ్రీశైలం చేరే బాట తరతరాలుగా సజీవంగా ఉన్నాయంటే కారణం వాటిని కాపాడే భక్తి. బుట్టాయగూడెం అడవిలోని గుబ్బల మంగమ్మ గుడికి జనం వెళ్లేదీ ఆ భక్తితోనే. భక్తి నిలిపిన బాటలను చూసి, జ్ఞానం కోసం, ఆరోగ్యం కోసం, నేల మీది మమకారం కోసం నడిచే బాటలను కూడా నిలుపుకోవచ్చునని గ్రహించడమే తరువాతి మెట్టు.

ఆ బాటలో నేర్చుకొనేది ఏమిటన్న ప్రశ్నకు రాళ్లే జవాబు చెబుతాయి. ఉత్తరాన పాపికొండలు తూర్పు కనుమల్లో భాగం. అక్కడి ప్రధాన శిల ఖొండలైటు, అంటే భూగర్భంలో లోతున వేడికీ ఒత్తిడికీ రూపం మారిన పురాతన శిల. గోదావరి ఆ కొండలను చీల్చుకొని ఇరుకైన లోయలో సాగుతుంది. అక్కడి నుంచి నైరుతిగా చింతలపూడి వైపు వస్తే గోండ్వానా శిలలు మొదలవుతాయి. దక్షిణ ఖండాలన్నీ ఒకే మహాఖండంగా ఉన్న కాలంలో నదులు తెచ్చి పోసిన ఇసుకా ఒండ్రూ గట్టిపడి ఏర్పడిన పొరలకు, వాటి మధ్య దాగిన బొగ్గుకు ఆ పేరు వచ్చింది. ఈ ప్రాంతాన్ని సర్వే చేసిన భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1880లో ప్రచురించిన నివేదికలో ఇక్కడి పొరలకు గొల్లపల్లి ఇసుకరాయి, రాఘవాపురం షేలు, తిరుపతి ఇసుకరాయి అని పేర్లు పెట్టాడు. ఈ మూడవ పేరులోని తిరుపతి చిత్తూరు సీమది కాదు, చినతిరుపతిగా పేరొందిన ద్వారకా తిరుమల. షేలు అంటే బురద గట్టిపడి పలకలుగా విడిపోయే రాయి. పది కోట్ల ఏళ్లకు పైబడిన రాఘవాపురం షేలులో అమ్మొనైట్ల వంటి సముద్రజీవుల శిలాజాలు దొరికాయి. ఈనాడు మామిడి, జీడిమామిడి, ఆయిల్‌పామ్ పెరిగే మెట్టలో ఆనాడు సముద్రం ఉండేది.

తూర్పుగా చీలి దేవరపల్లి మండలం గౌరీపట్నం, కొవ్వూరు మండలం పంగిడి వైపు నడిస్తే నల్లరాయి కనిపిస్తుంది. అది సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి లావా. పశ్చిమ కనుమల ప్రాంతంలో వెలువడి వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రవహించి ఇక్కడి తీరానికి చేరిందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. రెండు లావా పొరల మధ్య చిక్కుకున్న సున్నపురాతిలో నత్తలు, గుల్లల శిలాజాలున్నాయి కనుక తీరం అప్పటికి ఆ చోటుకు దగ్గరగా ఉందని అర్థమవుతుంది. ఇక దక్షిణాన కొల్లేరు కొన్ని వేల ఏళ్ల కిందట సముద్రతీరాన ఉన్న ఉప్పుకయ్య. కృష్ణా గోదావరులు తెచ్చిన ఒండ్రుతో రెండు డెల్టాలు ముందుకు పెరిగి, మధ్యన మిగిలిన ఆ పల్లం మంచినీటి సరస్సుగా మారింది, దాన్ని సముద్రంతో కలిపే దారి ఉప్పుటేరు ఒక్కటే అయింది. ఉత్తరం నుంచి దక్షిణానికి నడిచే మనిషి, కోట్ల ఏళ్లలో ముందుకూ వెనక్కూ కదులుతూ చివరకు తగ్గిపోయిన సముద్రం వెంట నడుస్తున్నట్టే లెక్క. ఈ కథ ఏ ఒక్క కొండ దగ్గరా పూర్తిగా దొరకదు. బాట అంతా ఒకటిగా ఉండాలనడానికి ఇదే గట్టి కారణం.

ఈ రాళ్లకు మనిషి చరిత్ర కూడా తోడయింది. కామవరపుకోట మండలం జీలకర్రగూడెం దగ్గరి గుంటుపల్లి కొండలో క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం నుంచి బౌద్ధ భిక్షువులు విహారాలు తొలుచుకున్నారు. అక్కడి గుండ్రని చైత్యగృహం, అంటే స్తూపాన్ని మధ్యలో నిలిపి చుట్టూ ప్రదక్షిణ చేసే ప్రార్థనాస్థలం, పైకప్పులో కొయ్య దూలాలను, వాసాలను రాతిలోనే చెక్కి చూపుతుంది. ఆ కాలపు తెలుగు నేల మీది కొయ్య కట్టడాలు ఏనాడో నశించినా వాటి రూపం ఈ రాతిలో మిగిలింది. అందులోని స్తూపాన్ని స్థానికులు ధర్మలింగేశ్వరుడిగా కొలిచారు. చేతి పనిముట్లతో తొలవగల మెత్తని ఇసుకరాయి దొరకడం వల్లనే ఆ శిల్పం సాధ్యమయింది కాబట్టి, రాతిని చదవనివారికి గుంటుపల్లి సగమే అర్థమవుతుంది.

మెట్టను డెల్టాతో కలిపేవి వాగులు. తమ్మిలేరు చింతలపూడి ప్రాంతం మీదుగా ఏలూరు చేరి కొల్లేటిలో కలుస్తుంది. ఎర్రకాలువ జంగారెడ్డిగూడెం వైపు నుంచి తాడేపల్లిగూడెం దగ్గరకు వచ్చి, ఆ తరువాత యనమదుర్రు డ్రెయినుగా భీమవరం వైపు సాగుతుంది. గణపవరం నుంచి నిడమర్రు మీదుగా కొల్లేటి వైపు సాగే పల్లపు భూముల్లో గట్టు మీది నడక పక్షుల నడక అవుతుంది. మలయాళ రచయిత, పక్షిశాస్త్రజ్ఞుడు కె.కె. నీలకంఠన్ 1946లో పశ్చిమగోదావరి జిల్లాలోని ఆరేడు గ్రామంలో గూడబాతులు గుంపుగా గూళ్లు కట్టుకొనే చోటును గుర్తించి శాస్త్రలోకానికి తెలియజేశాడు. ఈనాడు ఆ జాతిని చూడటానికి జనం కొల్లేటి ఒడ్డున ఉన్న ఆటపాక వెళుతున్నారు. కొల్లేటిలో 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రాంసర్ ఒప్పందం కింద, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో చోటు పొందింది.

ఈ ప్రతిపాదనకు న్యాయమైన అభ్యంతరాలున్నాయి. పాపికొండలు 2008 నుంచి జాతీయ ఉద్యానవనం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అందులోకి పోరాదు. ఆ నిబంధనను సడలించమని కోరడం తప్పు. నడకదారి అడవి అంచున ఆగి, లోపలి భాగానికి అటవీశాఖ అనుమతితో, మార్గదర్శకుడి వెంట, పరిమిత సంఖ్యలో మాత్రమే పోవాలి. బుట్టాయగూడెం, పోలవరం, జీలుగుమిల్లి మండలాల్లోని ఏజెన్సీ గ్రామాలు కోయల, కొండరెడ్ల నివాసాలు. 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం అక్కడి గ్రామసభలకు ఇచ్చిన అధికారాన్ని గౌరవించకుండా ఏ బాటా గీయరాదు. పోలవరం ప్రాజెక్టు వల్ల ఊళ్లు వదులుకోవలసి వచ్చిన ప్రజల మీద మళ్లీ పర్యాటకం పేరుతో భారం మోపడం అన్యాయం. మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితి ద్వారా స్థానికులే నడుపుతున్న అటవీ పర్యాటకం, ఆదాయమూ నిర్ణయమూ ఊరి చేతిలో ఉండగలవని చూపింది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన పడవ ప్రమాదం, ప్రకృతి దర్శనం పేరుతో భద్రతను వదిలేస్తే చెల్లించవలసి వచ్చే మూల్యాన్ని గుర్తు చేస్తుంది. అందుకే వాన కాలంలో వాగుల వెంట, నడివేసవిలో మెట్టలో నడకను నిలిపివేసి, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే బాటను తెరవడం వివేకం.

జనం పెరిగితే చెత్త పెరుగుతుందన్న మాటా నిజమే. అయితే రోడ్డు వేసి కార్లు తెచ్చే పర్యాటకానికీ కాలినడకకూ భేదం ఉంది. నడిచేవాడు మోయగలిగినంతే తెస్తాడు, తెచ్చినది తిరిగి మోసుకుపోవాలన్న నియమాన్ని అతని విషయంలో అమలు చేయడం సులభం. గుంటుపల్లి వంటి చోట్ల మరిన్ని సిమెంటు కట్టడాల కంటే దూరాన్ని, రాతి వయసును, తాగునీటి చోటును తెలిపే చిన్న తెలుగు పలకలే ఎక్కువ మేలు చేస్తాయి.

పని ఆరంభానికి పెద్ద నిధులు అక్కరలేదు. ప్రతి పంచాయతీ తన గ్రామపటంలోని పుంతలను సర్వేయరు సాయంతో గుర్తించి, గ్రామసభ తీర్మానంతో హద్దురాళ్లు నాటించాలి. జలవనరుల శాఖ నడవదగిన కాలువ గట్ల జాబితాను ప్రకటించాలి. కళాశాలల భూగర్భశాస్త్ర, చరిత్ర, వృక్షశాస్త్ర విభాగాలు తమ విద్యార్థుల చేత దారి వివరాలు రాయించాలి. తొలి భాగంగా గుంటుపల్లి నుంచి ద్వారకా తిరుమల దాకా ఒక రోజు నడకను, డెల్టాలో గణపవరం నుంచి కొల్లేటి అంచు దాకా మరొక దానిని గుర్తిస్తే, మిగిలిన ముక్కలను కలిపే ఉత్సాహాన్ని అవే పుట్టిస్తాయి. హద్దురాయి పడిన పుంతను ఆక్రమించడం కష్టం, ఏటా వందలమంది పిల్లలు నడిచే పుంతను ఆక్రమించడం అంతకన్నా కష్టం. ఉమ్మడి ఆస్తిని కాపాడే పనిలో చట్టానికి కాళ్లు తోడు కావలసిన సమయం ఇది. ఆ బాధ్యత మొదట పంచాయతీలది, ఆ వెంటనే ప్రతి పౌరుడిది.