క్రోమ్‌ను దించేద్దాం!

మీసేవ, ఇంటర్నెట్ సెంటర్ల నిర్వాహకులారా, విద్యార్థులారా, ఉద్యోగులారా!

ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ ఆగిపోయింది. మనం తీసెయ్యలేదు, పాడూ కాలేదు. క్రోమ్ 138 వచ్చి దాన్ని ఆపేసింది. మళ్లీ ఆన్ చేసుకుందామన్నా వీల్లేదు. ఇక దీనికి సపోర్ట్ లేదు, తీసేయండి అని మనకే సలహా చెబుతోంది. క్రోమ్ స్టోరు లెక్క ప్రకారమే మూడు కోట్ల మందికి పైగా నమ్ముకున్న ఎక్స్‌టెన్షన్ అది. రేమండ్ హిల్ విరాళం కూడా పుచ్చుకోకుండా రాసి ఊరికే పంచిపెట్టింది.

ఎక్స్‌టెన్షన్ల నిబంధనల్లో ఈ మార్పు భద్రత కోసమే అంటోంది గూగుల్. 2018లో ఆ ప్రతిపాదన బయటపడినప్పటి నుంచీ ఇదే పాట. అసలు జరిగిందేమిటో చూడండి. ఒక పేజీ తెరిస్తే అది వెనకాల పదుల సర్వర్లను పిలుస్తుంది. ఏ పిలుపును పోనివ్వాలో, దేన్ని ఆపాలో ఇన్నాళ్లూ ఎక్స్‌టెన్షన్ అప్పటికప్పుడు తేల్చేది. ఇప్పుడు ముందే జాబితా రాసి క్రోమ్ చేతికివ్వాలి, ఆపే పని క్రోమ్ చూసుకుంటుంది. మరి మన రాకపోకలను గమనించే వీలు? అది ఎక్స్‌టెన్షన్లకు ఇంకా ఉంది! అంటే దొంగ ఎక్స్‌టెన్షన్ ఇప్పటికీ మనల్ని చూడొచ్చు, మంచి ఎక్స్‌టెన్షన్ మాత్రం అప్పటికప్పుడు ఆపలేదు. పైగా కంపెనీలు తమ ఉద్యోగుల కంప్యూటర్లలో పాలసీ ద్వారా పెట్టే ఎక్స్‌టెన్షన్లకు ఆ ఆపే హక్కు అలాగే ఉంచారు. కంపెనీకి లేని ప్రమాదం మన ఇంటికి ఎక్కణ్నుంచి వచ్చింది?

భద్రత ఒక సాకు. గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్‌కు 2024లో వచ్చిన ఆదాయంలో నాలుగింట మూడు వంతులు ప్రకటనల సొమ్మే. ప్రకటనలమ్ముకునేవాడే బ్రౌజర్ తయారుచేసి, ప్రకటనలను ఆపే సాధనం ఏది బతకాలో తానే తేలుస్తున్నాడు. కంచే చేను మేస్తోంది.

ప్రకటనే కదా, చూసి వదిలేస్తే పోయె అనేవాళ్లు ఇంటర్ ఫలితాల రోజున ఏ ప్రైవేటు ఫలితాల సైటయినా తెరిచి చూడండి. హాల్ టికెట్ నంబరు కొట్టే గడి ఎక్కడో కింద ఉంటుంది. దానికి పైన, పక్కన పచ్చటి డౌన్‌లోడ్ బటన్లు, అన్నీ ప్రకటనలే. చెయ్యి వణుకుతూ ఉన్న పిల్ల ఏది నొక్కుతుంది? బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు కోసం వెతికే పెద్దాయనకు పైనే మోసగాడి ప్రకటన తగిలితే ఓటీపీ ఎవరికి చెబుతాడు? సెర్చ్‌లో పేరున్న సంస్థల వేషం కట్టి ప్రకటనలిచ్చే మోసగాళ్ల నుంచి కాపాడుకోవడానికి యాడ్ బ్లాకర్ వాడమని 2022 డిసెంబరులో అమెరికా ఎఫ్‌బీఐ సలహా ఇచ్చింది. పోలీసులు పెట్టుకోమన్న తాళాన్ని గూగుల్ పీకేసింది!

దానికి బదులు క్రోమ్‌లో యూబ్లాక్ ఆరిజిన్ లైట్ ఉంది కదా అంటారు. దాని పేరులోనే ఉంది, అది తగ్గించి ఇచ్చిన సరుకు. క్రోమ్ వదిలి ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు మారదామంటే, అది కూడా గూగుల్ డబ్బుతోనే నడుస్తోంది అంటారు. నడవనివ్వండి, యూబ్లాక్ ఆరిజిన్ అందులో పూర్తి బలంతో పనిచేస్తోంది, మనకు కావలసింది అదే.

ఒకప్పుడు మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను ఎవరూ కదపలేరన్నారు. 2001లో ఆరో వెర్షన్ ఇచ్చి, ఏడోది ఇవ్వడానికి మైక్రోసాఫ్ట్ ఐదేళ్లు తీసుకుంది. ఈలోగా 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చింది. వాడేవాళ్లే చందాలేసుకుని న్యూయార్క్ టైమ్స్‌లో రెండు పేజీల ప్రకటన వేయించారు. మైక్రోసాఫ్ట్‌ను మళ్లీ పనిలోకి దించింది వాళ్లే.

ఈ వారమే ఫైర్‌ఫాక్స్ ఎక్కించుకోండి. బుక్‌మార్కులను క్రోమ్ నుంచి అదే తెచ్చుకుంటుంది. ఫోన్లో కూడా పెట్టుకోండి. ఆండ్రాయిడ్ క్రోమ్ మనకు ఎక్స్‌టెన్షన్లు ఏనాడూ ఇవ్వలేదు, ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ నడుస్తుంది. అమ్మానాన్నల ఫోన్లలో మీరే పెట్టివ్వండి. సెంటర్ల నిర్వాహకులు ప్రతి సిస్టంలోనూ ఫైర్‌ఫాక్స్‌నే డిఫాల్ట్ చేయాలి. ఏ ప్రభుత్వ పోర్టలయినా, బ్యాంకయినా క్రోమ్‌లోనే తెరవమంటే ఆ స్క్రీన్‌షాట్ జతచేసి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, జవాబు వచ్చేదాకా వదలకండి.