స్కై ద్వీపమును చూచుట యెట్లు?

స్కాట్లండు పశ్చిమతీరమున, అట్లాంటిక్ మహాసముద్రపు గాలివానలకు ఓర్చి నిలిచిన కొండల ద్వీపము స్కై. 1995లో తెరచిన వంతెన దానిని ప్రధాన భూభాగముతో కలిపినది. నాటినుండి యాత్రికులు వాహనములలో సులభముగా అచటికి చేరుచున్నారు. అయితే చేరుట వేరు, చూచుట వేరు.

అచట కన్నులపండువైన దృశ్యములకు కొదువ లేదు. ఉత్తరభాగమున పూర్వపు లావా పొరలు జారి విరిగిపడిన చోట, సుమారు 50 మీటర్ల ఎత్తుగల ఒక శిలాస్తంభము నిలిచియున్నది. దానిని 'స్టోర్ ముదుసలి' యని పిలుతురు. దక్షిణమున కూలిన్ పర్వతములు రంపపుపండ్లవలె కనిపించును. వానిలో మిక్కిలి ఎత్తైన శిఖరము స్గూర్ అలస్డేర్. ఎత్తు 992 మీటర్లు. అచటి శిల చాలవరకు గరుకైనది గనుక ఎక్కువానికి పట్టు దొరకును. కాని ఆ రాతి అయస్కాంతగుణమువలన దిక్సూచి తప్పుదారి చూపవచ్చును. మంచు క్రమ్మినవేళ దానినే నమ్మి నడచుట ప్రమాదకరము.

పలువురు యాత్రికులు ఈ వింతలను చూచి, 'మనుష్యుని చేయి సోకని ప్రకృతి యిది' యని మురిసి మరలిపోవుదురు. ఇది సరియైన చూపు కాదు. దక్షిణతీరమున బోరెరెయిగ్, సూయిష్నిష్ అను రెండు గ్రామము లుండెడివి. నేడచట పైకప్పులేని రాతిగోడలును, పచ్చికయు మాత్రమే మిగిలినవి. 1853లో భూస్వామి పక్షమువారు గొఱ్ఱెల పెంపకమునకై అచటి రైతు కుటుంబములను వెడలగొట్టిరి. ఆ నిశ్శబ్దము ప్రకృతి యొసగినది కాదు, మనుష్యులు కల్పించినది.

ముప్పది యేండ్లు గడువకమునుపే రైతులు తల యెత్తిరి. 1882 ఏప్రిల్‌లో బ్రేస్ గ్రామీణులు తమ మేతభూముల హక్కుకై నిలిచి, గ్లాస్గో నుండి వచ్చిన సుమారు 50 మంది పోలీసులను ఎదిరించిరి. స్త్రీలును వెనుదీయలేదు. 1883లో ప్రభుత్వము విచారణసంఘమును నియమించెను. దాని అధ్యక్షుడు నేపియర్ ప్రభువు. ఆయన 1866 నుండి 1872 వరకు, కోస్తా, రాయలసీమ జిల్లాలు చేరియుండిన మద్రాసు రాజధానికి గవర్నరుగా పనిచేసినవాడు. ఆ సంఘము తొలి సాక్ష్యములను బ్రేస్‌లోనే వినెను. పిదప 1886లో వచ్చిన చట్టము చిన్నరైతులకు భూమిపై స్థిరమైన హక్కును, న్యాయమైన కౌలును కలిగించినది.

ఆ సంఘసభ్యులలో అలెగ్జాండర్ నికల్సన్ ఒకడు. ఆయన స్కై ద్వీపమున పుట్టినవాడు. 1873లో స్గూర్ అలస్డేర్ శిఖరమును మొదట ఎక్కినవాడును ఆయనయే. అలెగ్జాండరునకు గేలిక్ భాషలో అలస్డేర్ అని పేరు. శిఖరమునకు ఆ పేరు ఆయనవలననే వచ్చినది. కొండను ప్రేమించిన ఆ మనుజుడే కొండక్రింది రైతుల మొఱను ఆలకించెను.

విహారమునకు పోయినవానికి పాత దుఃఖములు ఏల యని కొందరందురు. కాని నిజము తెలిసినందున సౌందర్యము తరిగిపోదు. శిఖరమును ఎక్కవలెను; శిలాస్తంభమును చూడవలెను. ఆపైన బోరెరెయిగ్ గోడల నడుమను కొంతసేపు నిలువవలెను. ఇచట ఎవరు నివసించిరి, ఎందులకు విడిచిరి యని అడిగినవాడే ఆ ద్వీపమును పూర్తిగా చూచినవాడు.