పెట్రోలు వాసన వస్తే తాళం తిప్పకండి

పొద్దున్నే కారు దగ్గరికి వెళ్లగానే పెట్రోలు వాసన గుప్పుమంటే, "నిన్న బంకులో పోయించాం కదా, అదే అయ్యుంటుంది" అని సర్దిచెప్పుకోకండి. బంకులో ఒలికిన వాసన తెల్లారేదాకా ఉండదు. ఉందంటే ఎక్కడో కారుతోంది. ఆ బండిని స్టార్ట్ చేయొద్దు. దగ్గర్లో ఎవరినీ సిగరెట్టు వెలిగించనివ్వొద్దు.

మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా పెట్రోలు ఆవిరికి నిప్పంటుకుంటుంది. ఇక మన ఎండల సంగతి చెప్పాలా? పైగా ఆ ఆవిరి గాలికంటే బరువు. పైకి తేలిపోకుండా బండి కింద, అపార్టుమెంటు సెల్లార్లలో నేలబారున పరుచుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు.

ఈమధ్య ఒక మెకానిక్ షెడ్డులో పాత కారు పెట్రోలు పైపు చూశాను. చుట్టూ సైకిలు ట్యూబు ముక్క, దానిమీద బైండింగు తీగ. కట్టు విప్పి వేళ్లతో కాస్త వంచగానే, వానల్లేని చేనులా రబ్బరంతా నెర్రెలు విచ్చింది. ఆ కట్టుతోనే ఆ కుటుంబం నెలల తరబడి పిల్లలతో తిరిగింది. నాకు ఒళ్లు జలదరించింది. కారే చోట సబ్బు పూయడం, ఎంసీల్ పెట్టడం, ట్యూబు చుట్టడం మరమ్మతు కాదు. పైపు మార్చాల్సిందే.

పాత బండ్లవాళ్లు మరింత జాగ్రత్తపడాలి. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. దీనితో కొన్ని పాత వాహనాల్లో 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్లు తిరిగాక రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చాల్సి రావచ్చని 2025లో కేంద్ర పెట్రోలియం శాఖే చెప్పింది. ఎలుకలు కొరికే బెడద సరేసరి.

పైపులు చూడాలనుకుంటే ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఆరుబయట చూడండి. ముందు బ్యాటరీ నెగిటివ్ వైరు తీయించండి. టార్చి దూరంగానే వెలిగించుకుని రండి. పగుళ్లు, ఉబ్బు, తడి, క్లాంపుల దగ్గర తుప్పు కళ్లతో చూడండి, అంతే. పైపు మాత్రం పీకొద్దు. ఇంజెక్షన్ బండ్ల పైపుల్లో టైరులో గాలికంటే ఎక్కువ ఒత్తిడి ఉంటుంది, ఇంజిన్ ఆపినా అది వెంటనే పోదు. ఊడదీస్తే పెట్రోలు కళ్లలోకి చిమ్ముతుంది. ఆ పని మెకానిక్‌దే. మీ బండి ఒత్తిడికి తగిన ఫ్యూయల్ పైపే వేయమని, క్లాంపులు కూడా కొత్తవి పెట్టమని గట్టిగా అడగండి. నీళ్ల పైపు ముక్క తగిలిస్తానంటే ఒప్పుకోవద్దు.

దారిలో పొగ కనిపిస్తే పక్కకు ఆపి, ఇంజిన్ కట్టేసి, అందరూ దిగిపోండి. బానెట్ ఎత్తొద్దు, గాలి తగిలితే మంట ఎగుస్తుంది. నీళ్లు పోయొద్దు. దూరంగా జరిగి 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.

ఈ రాత్రే బండి కింద ఒక అట్టముక్క పరచి, పొద్దున మరక ఉందేమో చూడండి. కానీ పెట్రోలు త్వరగా ఆవిరైపోతుంది, పొద్దుటికి మరక కనిపించకపోవచ్చు. మరక లేకపోయినా వాసన ఉంటే చాలు, మెకానిక్‌ను ఇంటికే పిలిపించండి.